పునాది కనబడువరకు



కొన్ని సంవత్సరముల క్రిందట మా ప్రాంతమున జరిగిన ఉజ్జీవ కూటములకు దూరమునుండి ఒక బోధకులు వచ్చి ఆంగ్లమున ప్రసంగించిరి. తర్జుమా చేయు పని నామీద పడెను. సెమినరీలో నేను నేర్చిన ఆంగ్లము పుస్తకము చదువుకొనుటకు చాలును గాని, వేగముగా మాటలాడువారి ప్రక్కన నిలిచి, వారు ఊపిరి తీయు లోపల తెలుగున చెప్పుటకు చాలదని ఆ సాయంకాలము తెలియవచ్చెను. వారు 137వ కీర్తన ఎత్తుకొనిరి. చెరపట్టబడిన యూదులు పరదేశపు నదుల యొడ్డున కూర్చుండి ఏడ్చిన కీర్తన అది. ఏడవ వచనమునకు వచ్చినప్పుడు, యెరూషలేము పడిపోయిన దినమున ఎదోమీయులు ఏమని కేకలు వేసిరో చెప్పుచు, బోధకులు బల్ల గుద్ది ‘రేజ్, రేజ్’ అని రెండు మారులు పలికిరి. నేనెరిగిన రేజ్ ఒక్కటే. దానికర్థము లేవనెత్తుట. కనుక నేనును బల్ల గుద్ది, దానిని లేవనెత్తుడని ఎదోమీయులు కేకలు వేసిరని గట్టిగా చెప్పితిని.

ముందు వరుసలో చాపమీద కూర్చుండిన ఒక వృద్ధురాలికి చదువు రాదు గాని కీర్తనలు సగము నోటికి వచ్చును. కూటము ముగిసిన పిమ్మట ఆమె నాయొద్దకు వచ్చి, “అయ్యగారండీ, ఎదోమోళ్లు ఎప్పటినుంచి అంత మంచోళ్లయిపోయారండీ?” అని అడిగెను.

ఇంటికి పోయి నిఘంటువు తెరచితిని. ఒకే ధ్వనితో పలుకు మాటలు రెండున్నవి. లేవనెత్తుట అను రేజ్, ఉత్తర దేశములనుండి ఓడలమీద వచ్చి ఇంగ్లాండులో స్థిరపడినవారి పాత నార్సు భాషలోనిది. పడగొట్టుట అను రేజ్ లాటిను భాషలో పుట్టి ఫ్రెంచి భాషమీదుగా వచ్చినది. చెవికి ఒకటే గాని పుట్టుకలో వీటికి చుట్టరికము లేదు. 1611లో అచ్చుపడిన ఆంగ్ల బైబిలులో ఈ రెండవ మాటను ఇప్పటివలె జెడ్ అక్షరముతో గాక ఎస్ అక్షరముతో వ్రాసిరి.

లాటినులో దీని మూలము ‘రాదెరె’. దానికి అర్థము పడగొట్టుట కానే కాదు, గొరుగుట, గీకుట. మంగలి పట్టు కత్తిని ఆంగ్లమున రేజరు అనుట అందువలననే. మన బడిపిల్లలు పెన్సిలు వ్రాత చెరుపుకొను ఇరేజరు కూడ ఆ ఇంటి బిడ్డయే. పూర్వకాలమున తోలుకాగితములమీద వ్రాసినవారు, తప్పు పడిన చోట సిరాను చిన్న కత్తితో గీకి తీసివేసెడివారు. గడ్డమును గొరుగుట, వ్రాతను గీకుట, పట్టణమును కూల్చుట, ఈ మూడును ఒక్క మాట క్రిందికి వచ్చినవి.

ఆంగ్లమున కూల్చుటకు వేరు మాటలు లేకపోలేదు. డెస్ట్రాయ్ అను మాటలో, పేర్చి కట్టుట అను లాటిను మాటయే తలక్రిందులై యున్నది. డిమాలిష్ అను మాటలోను కష్టపడి కట్టుట అను తలంపు దాగియున్నది. కూల్చువాడు ముందు ఎవడో కట్టెనని ఒప్పుకొన్నట్లు ఆ మాటలు పలుకును. రేజ్ అను మాట అట్లు ఒప్పుకొనదు. అందులో కట్టినవాని చేయి కనబడదు, కత్తి మాత్రమే కనబడును. పట్టణము, కట్టినవారి చెమటతో లేచినది గాక, నేలమీద పెరిగిన వెండ్రుకలవంటిదైనట్లు!

లాటినెరుగని మన ప్రవక్తలు ఈ పోలికనే ఎరిగియుండుట చూచి నేను ఆశ్చర్యపడితిని. యెషయా 7:20లో ప్రభువు అష్షూరు రాజును కూలికి తెచ్చిన మంగలకత్తిగా చేసి తన జనుల తలయు గడ్డమును గొరిగించునని చెప్పబడెను. యెహెజ్కేలు 5వ అధ్యాయములో ప్రవక్త తన తలను గడ్డమును తానే గొరిగి, ఆ వెండ్రుకలను త్రాసులో తూచి, ఒక భాగము కాల్చి, ఒక భాగము కత్తితో కొట్టి, ఒక భాగము గాలికి ఎగురగొట్టవలెను. అది యెరూషలేమునకు గురుతు. అయితే మూడవ వచనము చూడుడి. వాటిలో కొద్ది వెండ్రుకలు తీసి తన వస్త్రపు చెంగున కట్టుకొనుమని దేవుడు చెప్పెను. అదే ప్రవక్త 26:4లో తూరు పట్టణపు మన్ను కూడ గీకివేయబడి వట్టి బండ మిగులునని పలికెను.

గొరుగుట అను పోలికలో గొరుగువానికి నచ్చని సంగతి యొకటి కలదు. గొరిగినది మరల మొలచును. న్యాయాధిపతులు 16:22 చదివినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. ఫిలిష్తీయులు సమ్సోను కన్నులు ఊడదీసిరి, సంకెళ్లు వేసిరి, తిరగలి విసరించిరి, కాని తలవెండ్రుకలు మొలచుచుండుట కనిపెట్టలేదు. రాదెరె అను మాట ఎవరిదో ఆ రోమీయులే క్రీ.పూ. 146లో కార్తేజి పట్టణమును కాల్చి కూల్చిరి. ఇంచుమించు నూరు సంవత్సరముల తరువాత జూలియస్ కైసరు దానిని మరల నిలుపదలచెను, ఔగుస్తు నిలిపెను. ఆ మరల మొలచిన కార్తేజిలోనే క్రీ.శ. 258లో కుప్రియాను అను సంఘాధ్యక్షుడు ప్రభువు నిమిత్తము తల యిచ్చెను.

మన తెలుగు మాటలును చిన్నవి కావు. నేలమట్టము చేసిరని మనమందుము. మట్టము అనగా తాపీపనివాడు గోడ సరిచూచుకొను సాధనము. కూల్చుటను చెప్పు మాటలో కట్టువాని పనిముట్టు ఇమిడియున్నది. 2 రాజులు 21:13లో మనష్షే పాపముల నిమిత్తము యెరూషలేమునకు తీర్పు చెప్పుచు, దేవుడు కొలనూలును మట్టపు గుండును చేతపట్టుకొన్నట్లు పలికెను. కట్టువాడు కట్టు పనిముట్లతోనే కూల్చుచున్నాడు. చెరుపుట అను మాట ఇంకను లోతైనది. పలకమీది వ్రాతను చెరుపుదుము, ఒకని బ్రదుకును చెరుపుదుము, రెండింటికి ఒకటే మాట. చెరపకురా చెడేవు అని మన పెద్దలు ఊరక అనలేదు.

అదే 2 రాజులు 21:13లో దేవుడు ఇంకొక పోలిక చెప్పెను. ఒకడు పళ్లెమును తుడిచి బోర్లించునట్లు యెరూషలేమును తుడిచివేయుదునని. ఇక్కడి హెబ్రీ మాట ‘మాఖా’. సెమినరీలో నేను హెబ్రీ కొద్దిగానే నేర్చితిని గాని నిఘంటువు చేతనుంచుకొని వెదకగా, 51వ కీర్తన మొదటి వచనములో దావీదు తన పాపమును తుడిచివేయుమని వేడుకొన్నదియు ఈ మాటతోనే. పట్టణము నాశనమగుటకు వాడిన మాట, పాపి క్షమింపబడుటకును వాడబడెను! ఈ సంగతి చూచిన దినమున నేను పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని. దేవుడు పళ్లెమును తుడుచునప్పుడు పళ్లెమును పారవేయడు. మురికి పోవును, పళ్లెము మిగులును. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2:14లోను తుడువబడినది మనమీద నున్న ఋణపత్రమేగాని మనము కాము. మనమో, మనుష్యుని తుడిచివేసి ఋణమును మాత్రము భద్రముగా దాచుకొందుము.

ఇక ఎదోమీయుల సంగతి. క్రీ.పూ. 586లో యెరూషలేమును కాల్చి ప్రాకారములు పడగొట్టినది బబులోను సైన్యము. నెబూజరదాను వచ్చి చేసినదంతయు 2 రాజులు 25లో ఉన్నది. ఎదోమీయులు గునపము పట్టినట్లు ఆ అధ్యాయములో లేదు. వారు ప్రక్కన నిలిచి చూచిరి, సంతోషించిరి, దోపుడు సొమ్ములో చేయి పెట్టిరి, తప్పించుకొని పారిపోవు వారిని అడ్డదారులలో నిలిచి పట్టిరి. ఓబద్యా గ్రంథము ఒక్క అధ్యాయమే. పదునొకటవ వచనమునుండి పదునాలుగవ వచనమువరకు మీ యిండ్లలో బిగ్గరగా చదువుకొనుడి. ఏశావు సంతతివారు యాకోబు సంతతివారికి అన్నదమ్ముల బిడ్డలు. కేక వేసినవారు పరాయివారైనచో కీర్తనకారుడు అంతగా మండిపడియుండడు. వారి కేకలోని కడమాట అన్నిటికంటె క్రూరమైనది. గోడ పడినంతమాత్రమున చాలదు, పునాదివరకు పోవలెను. హెబ్రీలో అక్కడున్న మాటకు బయలుపరచుట, దిగంబరము చేయుట అని అర్థము. సహోదరుని ఇంటి పునాది బట్టబయలై నలుగురు చూచి నవ్వవలెను.

ఆ కీర్తన చివరి వచనము మనకు గొంతు దిగదు. శత్రువుల పసిబిడ్డలను గూర్చిన మాట అది. దానిని నేను సమర్థింపను, కీర్తనలోనుండి తీసివేయను కూడ. ఇల్లు పోగొట్టుకొనినవాడు తన కడుపులోని మంటను కత్తిగా చేసికొనక దేవుని యెదుట పెట్టెను. మంట మంటయే. అయితే దానిని ఎక్కడ పెట్టెనో చూడవలెను.

అట్లయిన కూల్చుట ఎల్లప్పుడును పాపమా? కాదు. గిద్యోను తన తండ్రి బయలు బలిపీఠమును పడగొట్టెను. పడగొట్టి ఊరకుండలేదు, అక్కడనే యెహోవాకు బలిపీఠము కట్టి, నరికిన దేవతా స్తంభపు కట్టెలతోనే దహనబలి అర్పించెను. యిర్మీయా 1:10లో పెల్లగించుట మొదలుగా కూల్చుటకు నాలుగు మాటలుండగా, కట్టుటకు నాటుటకు రెండే కలవు. కూల్చు పని ఎక్కువైన దినములు వచ్చునని దేవునికి తెలియును. కాని ఆ ఆజ్ఞ నాటుటతో ముగియుచున్నది. పౌలు 2 కొరింథీయులకు 13:10లో తనకు అధికారమియ్యబడినది కట్టుటకే గాని పడగొట్టుటకు కాదనెను. ఈ వచనమును సంఘ కమిటీ కూర్చుండు ప్రతి గది గోడమీద వ్రాయవలెనని నా అభిప్రాయము.

మన గ్రామములలో పాత ఇల్లు తీయు విధము మీరెరుగుదురు. దానిని ఎవరును గొరుగరు, విప్పదీయుదురు. ముందు పెంకులు ఒక్కొక్కటిగా దింపి నీడను పేర్చుదురు. తరువాత వాసములు, దూలములు. ద్వారబంధమును గోడనుండి పగులకుండ ఊడదీయుటకు నేర్పరిని పిలుతురు, తాతలనాటి టేకు గదా! గోడల మన్ను సహితము మెరకకు పనికివచ్చును. నెహెమ్యా దినములలో యెరూషలేమును అట్లే లేచెను. కాలిన చెత్తకుప్పలలోనుండి రాళ్లు మరల బ్రదుకునా అని సన్బల్లటు ఎగతాళి చేసెను. ఏబదిరెండు దినములలో ప్రాకారము ముగిసెను.

యోహాను 2:19లో ప్రభువు దేవాలయమును పడగొట్టుడని యూదులతో చెప్పిన చోట గ్రీకు మాటకు విప్పుట, ముడి వదలించుట అని మొదటి అర్థము. మన ఊరి మాటకు అది ఎంత దగ్గర! ఆ మాట చెప్పినప్పుడు ప్రభువు నిలిచియున్న దేవాలయమును క్రీ.పూ. 20 ప్రాంతమున మరల కట్టింప మొదలుపెట్టినవాడు హేరోదు. హేరోదు తండ్రి అంతిపతేరు ఇదూమయవాడు. ఇదూమయ అనగా ఎదోము. పునాదివరకు గొరుగుమని కేకలు వేసిన జాతిలో పుట్టినవాడు, తన కీర్తికొరకే గావచ్చును, ఆ కొండమీదనే పెద్ద రాళ్లు పేర్పించెను! ఎదోమీయులు లేవనెత్తుడనిరని నేను పలికిన తప్పు తర్జుమా, ఆరువందల యేండ్లు ముందుకు పోయి చూచిన, పూర్తిగా తప్పు కాలేదు. ఈ సంగతి ఆ వృద్ధురాలికి చెప్పవలెనని ఎంతో ఆశపడితిని గాని అప్పటికే ఆమె ప్రభువునొద్దకు పోయెను.

ఆ కట్టడమును నిలువలేదు. క్రీ.శ. 70లో తీతు సైన్యము దానిని కాల్చెను. మూడు బురుజులును పడమటి గోడలో కొంతయు తప్ప పట్టణమంతయు నేలతో సమము చేయబడెనని జోసీఫస్ వ్రాసెను. లూకా 19:44లో ప్రభువు దీనిని ముందే చెప్పెను. చెప్పుచు ఏడ్చెను. ఎదోమీయుడు కేక వేసిన చోటనే ప్రభువు కన్నీరు విడిచెను.

ఇంతవరకు వ్రాసి ఆపివేయవచ్చును. కాని ఈ మాటను నేను నిఘంటువులో వెదకక ముందే చేతితో చేసితిని గనుక అదియు చెప్పవలెను.

పదునాలుగు సంవత్సరముల క్రిందట నేను ఒక గ్రామ సంఘమునకు క్రొత్తగా వచ్చితిని. కోతపండుగనాడు వేలము వేసిన కానుకల లెక్కలో లోటు వచ్చెను. ధాన్యమునకు కాపలాగా నుండినవాడు తీసెనని కొందరనిరి, లెక్క వ్రాసినవారే తీసిరని మరికొందరనిరి. లెక్క వ్రాసినవారికి బంధుబలము కలదు, కాపలావానికి లేదు. కమిటీలో అతనిని సంఘమునుండి తీసివేయ తీర్మానించిరి. సభ్యుల రిజిష్టరులో ఒక పేరును తీసివేయవలసివచ్చినచో దానిమీద ఒక గీత గీసి, తేదీయు కారణమును ప్రక్కన వ్రాయుట పద్ధతి. గీత గీసిన పేరు కనబడుచునే యుండును. అది చాలదని పెద్దలు పట్టుబట్టిరి. పేరే ఉండకూడదనిరి. నేను బ్లేడు తెచ్చి అతని పేరును, భార్య పేరును, ఇద్దరు బిడ్డల పేరులను, వారి బాప్తిస్మపు తేదీలను గీకివేసితిని. నా జీతము ఆ పెద్దల చేతులమీదుగానే వచ్చుచుండెను. ఈ మాట వ్రాయుటకు సిగ్గుగానున్నది గాని వ్రాయనియెడల మిగిలినది బొంకగును.

లోటు ఎవరివలన వచ్చెనో నేటికిని తేలలేదు. రిజిష్టరులో అతని పేరు పోయెను గాని, ఊరిలో అతనిమీద పడిన నింద పోలేదు. అతని ఇంటిని ‘గింజల ఇల్లు’ అనుచునే యుండిరి. నేను బదిలీమీద వేరొక చోటికి పోతిని. అతడు మరణించినప్పుడు సంఘము వెళ్లలేదని విని, జాబు కూడ వ్రాయకుంటిని.

తరువాత మరల ఆ సంఘమునకే నన్ను పంపిరి. నిరుడు ఒక దినమున అతని కుమార్తె వచ్చి గుమ్మమువద్ద నిలిచెను. ఆమె నన్ను గురుతుపట్టలేదు. నేను చూచినప్పుడు ఆమెకు ఎనిమిదేండ్లు.

“అయ్యగారండీ, నాకు పెళ్లి కుదిరిందండీ. అబ్బాయిగారి సంఘంవాళ్లు బాప్తిస్మం కాగితం అడుగుతున్నారు. పుస్తకంలో చూస్తారా?” అనెను.

రిజిష్టరు తీసితిని. ఆ పుట దొరుకుటకు వెదకవలసిన పని లేకపోయెను. నాలుగు వరుసలు తెల్లగా, కాగితము ఉల్లిపొరవలె పలుచగా నుండెను. ఆమె వంగి చూచి, “ఇక్కడేమండీ, ఇలా ఉంది?” అనెను.

“నేనే గీకేశానమ్మా” అంటిని. ఆమె మాటలాడలేదు. ఎవరి బిడ్డనో నేనెరుగుదునని అప్పుడామెకు తెలిసెను.

పుటను ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టితిని. సిరా లేదు గాని, కలపు ములుకు నొక్కిన చాళ్లు కాగితములో అట్లే యున్నవి. నాకు ముందున్న పాదిరిగారి చేతివ్రాత గట్టిది. ఒక్కొక్క అక్షరము కూడబలుకుకొని చదివితిని. తండ్రి పేరు, తల్లి పేరు, ఆమె పేరు, తేదీ. తేదీ చదివినప్పుడు ఆమె, “అదేనండీ, అమ్మ చెప్పిన రోజే” అనెను.

ఆ చోటనే మరల వ్రాయబోతిని. గీకిన కాగితము సిరాను నిలుపదు. మొదటి అక్షరమే పీల్చుకొని మరకయయ్యెను. కనుక పుట అంచున, ఖాళీగానున్న చోట వ్రాయుటకు కలము పెట్టితిని.

“నాన్న పేరు కూడా రాస్తారా అండీ? చనిపోయినోళ్లవి రాయరేమో” అనెను.

ముందు ఆయన పేరే వ్రాసితిని.